టెక్సస్ ఎస్‌బీ 17: పుట్టిన దేశాన్ని బట్టి భూమి కొనొద్దనడం సబబేనా?

ప్లానో వాసి:
2025 సెప్టెంబర్ 1 నుంచి ఈ టెక్సస్ రాష్ట్ర చట్టం (సెనేట్ బిల్లు 17, అంటే ఎస్‌బీ 17) అమల్లో ఉంది. చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా ప్రభుత్వాలు, అక్కడి కంపెనీలు, అక్కడ స్థిరనివాసం ఉన్నవాళ్లు టెక్సస్‌లో పొలం, ఇల్లు, షాపు ఏదీ కొనకూడదు. ఏడాదికి తగ్గని లీజు కూడా కుదరదు. నేనైతే సమర్థిస్తాను. లాఫ్లిన్ వైమానిక స్థావరం ఉన్న వాల్ వర్డీ కౌంటీలో చైనా వ్యాపారి సన్ గ్వాంగ్‌షిన్ కంపెనీలు 1.3 లక్షల ఎకరాలకు పైగా కొన్నాయి. 2021 నాటి టెక్సస్ చట్టం వాళ్ల గాలిమరలను కరెంటు గ్రిడ్‌కు కలపకుండా ఆపింది గానీ భూమి కొనడాన్ని ఆపలేదు.

భూచట్టం:
మీ ఉదాహరణే మీ వాదనకు అడ్డొస్తోందండీ. అక్కడ కొన్నది కంపెనీ, భయం స్థావరం గురించి. ఫ్రిస్కోలో అద్దెకిచ్చుకునే మూడు బెడ్‌రూముల ఇంటితో ఎవరికి ప్రమాదం? ఎస్‌బీ 17లో దూరం లెక్కే లేదు. 2023 నాటి ఫ్లోరిడా చట్టం తన జాబితాలోని మిగతా దేశాల వాళ్లకు సైనిక స్థావరం నుంచి 10 మైళ్లు అని గీత గీసింది, చైనావాళ్లకు మాత్రం రాష్ట్రమంతా మూసేసింది. వాళ్లకు వదిలిందల్లా టూరిస్టుది కాని వీసా ఉంటే, స్థావరానికి 5 మైళ్ల అవతల, 2 ఎకరాలు మించని ఒక్క ఇల్లు.

ఇది కొత్తేమీ కాదు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లో జపాన్ వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇలాంటి చట్టమే తెచ్చింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు అనగానే అది పంజాబీ రైతుల మీదా పడింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 1952లో.

టైటిల్ డెస్క్:
క్లోజింగ్ (కొనుగోలు ఖరారై సంతకాలు జరిగే ఘట్టం) దగ్గర ఏం చూడాలో చెప్తాను. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ చట్టం వర్తించదు. తాము ఉండటానికి కొనే హోమ్‌స్టెడ్ ఇంటికీ మినహాయింపు ఉంది. చిక్కంతా వీసా మీద ఉంటూ రెండో ఇల్లు కొనే చైనా పౌరుడి దగ్గరే. అతని స్థిరనివాసం ఎక్కడ? ఈ చట్టాన్ని కోర్టులో సవాలు చేసిన, వీసా మీద టెక్సస్‌లోనే ఉంటున్న పిటిషనర్లకు అది వర్తించదని రాష్ట్ర అటార్నీ జనరల్ పక్షమే వాదించింది. కాబట్టి లీజు, పన్ను రిటర్ను, డ్రైవర్ లైసెన్సు ఫైల్లో ఉంచుకోవాలి.

ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరుమీద కొంటే దాని ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో, అంటే యజమానుల ఒప్పందంలో, వాటాలు చూడండి. సగానికి మించిన వాటా నిషేధిత వ్యక్తులదైతే కంపెనీకి 2,50,000 డాలర్లు లేదా ఆస్తి మార్కెట్ విలువలో సగం, ఏది ఎక్కువైతే అది జరిమానా. తెలిసి కొన్న వ్యక్తికి 180 రోజుల నుంచి 2 ఏళ్ల జైలు. ఇంత శిక్ష ఉంది కదా అని తమ స్థిరనివాసం ఎక్కడో చెప్పే పత్రం మీద కొందరి చేతే సంతకం పెట్టిస్తే ఫెడరల్ ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద దావా పడుతుంది. పేరు, మొహం చూడకుండా ప్రతి కొనుగోలుదారు చేతా అదే పత్రం మీద సంతకం పెట్టించండి.

భారత్ జాబితాలో లేదు. కానీ మరో దేశాన్ని చేర్చే అధికారం గవర్నర్‌కు ఉంది.

గుంటూరు ఓసీఐ:
మన దేశం చేసేదీ అదేగా! విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ఓసీఐలు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లు), ఎన్నారైలు ఒక్క సెంటు సాగుభూమి కూడా కొనలేరు. వారసత్వంగా రావచ్చు, అమ్మాలంటే మాత్రం భారత్‌లో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. హైదరాబాద్ శివార్లలో గుంటల లెక్కన అమ్మే ‘ఫామ్ ప్లాట్లు’ చాలావరకు కాగితం మీద పొలమే. పాస్‌బుక్‌లో వ్యవసాయ భూమి అని ఉంటే, బ్రోకర్ ఏమన్నా అది మనం కొనకూడనిదే. దొరికితే ఆ మొత్తానికి మూడింతల దాకా జరిమానా.

భూచట్టం:
ఆ నిషేధం భూమి రకాన్ని బట్టి. అమెరికా ఓసీఐ అయినా, బ్రిటన్ ఓసీఐ అయినా ఒకటే రూలు, ఫ్లాట్ కొనడానికి అడ్డులేదు.

గుంటూరు ఓసీఐ:
సగమే చెప్పారు. చైనా, పాకిస్తాన్, ఇరాన్ సహా కొన్ని దేశాల పౌరులు రిజర్వ్ బ్యాంకు అనుమతి లేకుండా ఇక్కడ ఏ స్థిరాస్తీ కొనకూడదు. అది దేశాన్ని బట్టి పెట్టిన రూలే.

భూచట్టం:
నిజమే, అది దేశాన్ని బట్టే. కానీ అక్కడ అనుమతి అడిగే దారి ఒకటుంది, ఎస్‌బీ 17లో అదీ లేదు. ఇంకో సంగతి. అమెరికాలో విదేశీయుల చేతిలో ఉన్న సాగు, అటవీ భూమి సుమారు 4.5 కోట్ల ఎకరాలు, అందులో మూడో వంతు కెనడాది. చైనాది 3 లక్షల ఎకరాల లోపే. 1978 నుంచీ ఫెడరల్ చట్టం ఉంది: విదేశీయులు సాగుభూమి కొన్న 90 రోజుల్లో చెప్పాలి, దాస్తే విలువలో 25 శాతం దాకా జరిమానా. ముందు దాన్ని గట్టిగా అమలు చేయమనండి.

ప్లానో వాసి:
కొన్నాక చెప్పించుకుంటే ఏం లాభమండీ? డెలావేర్ రాష్ట్రంలో ఒక కంపెనీ, దాని వెనక ఇంకో కంపెనీ ఉంటే అసలు యజమాని ఎవరో తేలేసరికి 90 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. ఇళ్ల మాట మీరన్నట్టే వదిలేద్దాం. స్థావరాల చుట్టూ ఉన్న భూమికి మాత్రం యజమాని ఎవరో రిజిస్ట్రేషన్‌కు ముందే తేలాలి, దీని మీద నేను తగ్గను.