అప్‌డేట్: మా అమ్మాయి ప్రాజెక్టు కుదిరింది

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సైన్స్ ఫెయిర్‌కు, వంటింట్లో చేయగల ప్రాజెక్టు చెప్పమని పోయిన నెల అడిగాను కదా. ఎక్కువమంది ఇడ్లీ పిండి పులియడం గురించి చెప్పారు. అది వాళ్ల తరగతిలో అప్పటికే ముగ్గురు తీసుకున్నారట!

చివరికి పండ్లలో సి విటమిన్ ఎంచుకుంది. మెహదీపట్నం రైతుబజారులో జామకాయలు, బత్తాయిలు, నిమ్మకాయలు కొన్నాం. రసంలో కొంచెం గంజినీళ్లు కలిపి, పొవిడోన్ అయోడిన్ (గాయాలకు రాసే మందు) చుక్కలు వేయాలి. సి విటమిన్ ఉన్నంతసేపు రంగు విరిగిపోతుంది. అది అయిపోయిందా, గిన్నె మొత్తం నీలినలుపే. మొదటిరోజు అయోడిన్‌ను పలచన చేయకుండా పోసి అంతా పాడుచేశాం. రెండోసారి బత్తాయి రసం 11 చుక్కలకే నల్లబడింది, జామ 34 దాకా ఆగింది. మరిగించిన జామరసం 22 దగ్గర లొంగిపోయింది.

గట్టు మీది అయోడిన్ మరకను వాళ్ల అమ్మ చూసేలోపే నిమ్మచెక్కతో రుద్ది మాయం చేసింది. ఆ మరక కథనూ చార్టులో రాయమన్నాను.