‘గోధుమ మరుగుజ్జు’కి మంచి తెలుగు మాట చెప్పండి

నల్లగొండలో మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఖగోళం మీద ఒక వ్యాసం చదువుతుంటే ‘గోధుమ మరుగుజ్జు’ అని వచ్చింది. వెనక బెంచీలోంచి ఒకడు లేచి “సార్, పొట్టి గోధుమ వంగడమా?” అన్నాడు. నవ్వొచ్చింది గానీ తప్పు వాడిది కాదు. అది చుక్క అని ఆ రెండు మాటల్లో ఎక్కడుంది? పైగా మన దగ్గర పండేది జొన్న!

దీని ఇంగ్లీషు పేరు బ్రౌన్ డ్వార్ఫ్. అంటే గురుగ్రహానికి దాదాపు 13 నుంచి 80 రెట్ల బరువుండే గోళం. నక్షత్రాలను మండించే హైడ్రోజన్ సంలీనం (ఫ్యూజన్) నిలకడగా సాగడానికి ఆ బరువు చాలదు. పుట్టేటప్పుడు కుంచించుకుపోయి వేడెక్కుతుంది, ఆ తర్వాత చల్లారడమే. ఖగోళ శాస్త్రవేత్త జిల్ టార్టర్ 1975లో ఆ పేరు పెట్టేనాటికి ఇలాంటిది ఒక్కటీ దొరకలేదు. తొలిసారి ఖాయంగా దొరికింది 1995లో. కంటబడకముందే అంటించిన రంగును మనమెందుకు మోయాలి?

నా మాట ‘నివురుచుక్క’. నివురుగప్పిన నిప్పు గుర్తుకు రావాలని.

కొల్లాపూర్ నుంచి: వినసొంపుగా ఉంది సార్. కానీ నివురు ఊదితే నిప్పు రాజుకుంటుంది. దీన్ని ఎంత ఊదినా రాజుకోదు కదా. నివురు కింద ఉండేది ఒకసారి మండిన కట్టె, ఇది అసలు అంటుకోని పొయ్యి.

పోస్టు పెట్టినవారు: మొదట్లో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కొంతకాలం మండుతుంది. అయినా మీ మాటే నిజం, నివురు తీసేస్తున్నా.

ఇంకొకరు: ‘కపిల వామన తార’ అంటే గంభీరంగా ఉంటుంది.

కొల్లాపూర్ నుంచి: కపిల అంటే మా ఇంట్లో ఆవండీ.

దేవరకొండ నుంచి: ఎండాకాలం పొద్దుగూకినాక బండ మీద చెయ్యి పెట్టి చూడండి. వెలుగుండదు, కాక తగులుతుంది. బండకు ఆ కాక ఎండ ఇచ్చింది, దీనికి సొంతం, అంతే తేడా. ఆ కాకను పట్టడమే పరారుణ టెలిస్కోపు పని. 2009 డిసెంబరులో పంపిన వైజ్ అనే అంతరిక్ష టెలిస్కోపులో, తన వేడే తనకు అడ్డం రాకుండా గడ్డకట్టిన హైడ్రోజన్‌తో లోపలంతా చల్లబరిచారు. ఇలాంటి చుక్క వాతావరణంలోని మీథేన్ 3.4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగును మింగేస్తుంది, 4.6 దగ్గర వదిలేస్తుంది. 3.4 దగ్గర తీసిన ఫొటోలో మసకగా, 4.6 దగ్గర తీసిన దాంట్లో జిగేల్‌మని ఉంటే, అనుమానించాల్సిన చుక్క అదే. కాబట్టి రంగు వదిలేసి ‘కాకచుక్క’ అందాం.

కొల్లాపూర్ నుంచి: మరి 2014లో ఖగోళ శాస్త్రవేత్త కెవిన్ లుమన్ ప్రకటించిన చుక్క సంగతి? ఏడు కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలోనే ఉంది. మైనస్ 48 నుంచి మైనస్ 13 డిగ్రీల మధ్య ఉంటుందన్నారు. దానికి కాకెక్కడిది?

దేవరకొండ నుంచి: మనకు చలి. కాక బొత్తిగా లేకుంటే టెలిస్కోపుకు దొరికేదా?

పోస్టు పెట్టినవారు: నాకు నచ్చింది. ఇవాళ క్లాసులో ‘కాకచుక్క’ అని బోర్డు మీద రాశా. అదే పిల్లవాడు మళ్లీ లేచాడు: “సార్, కాక అంటే మా చిన్నాయన కదా!”

‘సెగచుక్క’ అని మార్చుదామా? అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి, సోమవారం మళ్లీ వాడి క్లాసే.