అప్‌డేట్: జపనీస్ మానేయాలా అని అడిగాను కదా, మానలేదు

"అది కూడు పెడుతుందా?" అని ఇంట్లో అందరూ ఒకటే పాట పాడుతున్నారని, మానేయాలా అని కిందటేడు అడిగాను. చాలామంది ముందు ఒక పరీక్ష రాసి చూడమన్నారు. డిసెంబరులో జేఎల్‌పీటీ (జపనీస్ ఎంత వచ్చో చూసే పరీక్ష) ఎన్5 రాశాను, అంటే అన్నిటికంటే కింది స్థాయి. 180కి 80 వస్తే పాస్, నాకు 112 వచ్చాయి. అసలు టెన్షన్ వినే భాగంతోనే. అందులో 60కి 19 రాకపోతే మొత్తం ఎంత వచ్చినా ఫెయిలే. 24తో గట్టెక్కాను.

ఇంగ్లీషు కంటే ఇదే మనకు దగ్గరగా అనిపించింది. క్రియ చివర్లోనే వస్తుంది, విభక్తి పదం వెనకే ఉంటుంది. "తోక్యో ని ఇకిమాసు" అంటే "టోక్యోకి వెళ్తాను", అంతే! హిరగానా అనే వాళ్ల లిపిలోని 46 అక్షరాలు రెండు వారాల్లో వచ్చేశాయి. కాంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) మాత్రం ఇవాళ నేర్చుకుంటే రేపటికి మాయం.

ఎన్5తో ఉద్యోగం రాదు, ఆ విషయంలో నాన్న మాటే నిజం. నా ముందు ఇప్పటికీ "దండగ" అనే అంటారు. మొన్న ఫోన్‌లో మాత్రం ఎవరితోనో "మావాడికి జపనీస్ వచ్చు" అంటుంటే విన్నాను. విననట్టే ఉండిపోయాను.

జూలైలో దాని పై స్థాయి ఎన్4 రాస్తున్నాను. ఈసారి ఫీజు సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.