వాసన పట్టని బట్టలు: కణితి (సాంబర్ జింక) ఫొటోలకు పనికొస్తాయా, డబ్బు దండగా?

కోన_కెమెరా (తిరుపతి):

అందరికీ నమస్కారం. మామండూరు, తలకోన వైపు నీళ్ళ గుంటల దగ్గర మాటులో కూర్చుని కణితి, చుక్కల దుప్పి ఫొటోలు తీయడం గురించి అడుగుతున్నా. అటవీ శాఖ అనుమతి ఉంది, వాళ్ళ మనిషి తోడుంటాడు. వేట మాట కాదు, ముందే చెప్తున్నా.

సమస్య ఏందంటే, దుప్పులు ఎట్లోకట్ల వస్తాయి, కణితి మాత్రం నలభై మీటర్ల దాకా వచ్చి ఆగిపోతుంది. తల ఎత్తుతుంది, ముక్కు ఆడిస్తుంది, ముందు కాలు నేలకేసి కొడుతుంది, ఒక్క అరుపు అరిచి వెనక్కి తిరిగిపోతుంది. మాటుకు ఆకుపచ్చ గుడ్డ కట్టి కొమ్మలు కప్పినా అంతే. చూసి కాదు, వాసన పట్టే పోతుందని అర్థమైంది.

అమెరికాలో జింకల వేటగాళ్ళు మనిషి వాసన బయటికి రానీయదని చెప్పే బొగ్గు పొర బట్టలు వాడతారు. చొక్కా, ప్యాంటు, టోపీ కలిపి రెండు మూడు వందల డాలర్లు, ఆపైన కస్టమ్స్. నిజంగా పనిచేస్తాయా? మే నెల ఎండలో వేసుకోగలమా? అంతకంటే చవకలో ఏదన్నా దారి ఉందా?

రసాయన_మాస్టారు (చిత్తూరు):

ఆ బట్టల్లో అసలు సరుకు యాక్టివేటెడ్ కార్బన్, అంటే నీళ్ళ ఫిల్టర్లో ఉండే నల్ల బొగ్గే. దాంట్లోని సన్న రంధ్రాల లోపలి గోడలన్నీ పరిచి కొలిస్తే గ్రాముకు 500 నుంచి 1500 చదరపు మీటర్లు వస్తుంది. చెమట వాసన ఆ గోడలకు అతుక్కుంటుంది. ఇంతవరకూ సైన్సులో తప్పేమీ లేదు.

చిక్కు మొదలయ్యేది తేమ దగ్గర. గాలిలో తేమ, ఒంటి చెమట ఎక్కువైతే నీటి ఆవిరే ఆ రంధ్రాల్లో చోటు పట్టేస్తుంది, వాసనకు మిగిలే చోటు తగ్గిపోతుంది. ఆ బట్టలు తయారైంది నవంబరు చలిలో చెట్టెక్కి కూర్చునేవాళ్ళ కోసం. మన దగ్గర నలభై డిగ్రీల ఎండలో రెండు పొరల బట్ట వేసుకుంటే అర గంటలో లోపలంతా తడి. బట్ట పీల్చుకోగలిగిన దానికంటే ఆ బట్ట వల్ల పుట్టే చెమటే ఎక్కువ.

ఇంకోటి, రంధ్రాలు నిండాక ఏం చేయాలి? ఇంట్లో డ్రయ్యర్లో వేడి చేస్తే మళ్ళీ కొత్తగా అవుతాయని అమ్మేవాళ్ళు చెప్పేవాళ్ళు. ఫ్యాక్టరీల్లో వాడిన బొగ్గును తిరిగి పనికి తేవాలంటే 700 నుంచి 900 డిగ్రీల వేడి కావాలి. ఇంటి డ్రయ్యర్ వేడి దాంట్లో పదో వంతు కూడా ఉండదు. తేలిగ్గా ఎగిరిపోయేవి కొన్ని పోతాయేమో గానీ, గట్టిగా పట్టుకున్నవి అట్లే ఉంటాయి. ఈ విషయం మీద అమెరికాలో కొనుగోలుదారులు కేసు వేస్తే, వాసనను పూర్తిగా తొలగిస్తుందన్న ప్రకటన నిజం కాదని 2010లో మిన్నెసోటా ఫెడరల్ కోర్టు తేల్చింది, అయితే 2011లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంతకుముందు 2002లో, మనుషుల్ని వెతికే కుక్కలతో ఈ బట్టల్ని పరీక్షించిన అధ్యయనం ఒకటి అక్కడి వన్యప్రాణి పత్రికలో వచ్చింది. బొగ్గు బట్టలు తొడిగి దాక్కున్నవాళ్ళను కూడా కుక్కలు కనిపెట్టేశాయి.

వెండి పూత బట్టలని ఇంకో రకం ఉంది. చెమట బయటికొచ్చేటప్పుడు దానికి పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది బాక్టీరియా దాన్ని విరగ్గొట్టినాకే కంపు. వెండి ఆ బాక్టీరియా పెరగకుండా చూస్తుంది. ఇది నిజాయితీగా చేసే పనే. కానీ ఉతకకుండా నాలుగు రోజులు అడవిలో ఉండేవాళ్ళకే దాంతో లాభం. పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని మధ్యాహ్నం వెళ్ళే మనిషికి తేడా తెలియదు.

అన్నిటికంటే పెద్ద కంత నోరు. ఊపిరి ఆపలేం కదా. తల, మెడ, చేతులు కూడా బయటే ఉంటాయి. కూర్చున్నవాడు కదిలినప్పుడల్లా చొక్కా లోపలి వేడి గాలి కాలర్లోంచి, చేతుల్లోంచి కొలిమి తిత్తిలా బయటికి తోస్తుంది. ఆ గాలి బట్టలోని బొగ్గును తాకనే తాకదు.

నా మాట, కొనొద్దు.

శేషాచలం_నడక (చంద్రగిరి):

మాస్టారు చెప్పింది కరెక్టు. కణితిని గెలవాలంటే గాలిని చదవాలి, బట్టలది ఆ తర్వాతి మాట.

మొబైల్లో వాతావరణం చూసి పడమటి గాలి అనుకుని కూర్చుంటారు. అది కొండపైన వీచే గాలి. కోన లోపల లెక్క వేరు. రాత్రంతా చల్లబడిన గాలి బరువెక్కి వాగు వెంబడి కిందికి జారతా ఉంటుంది. పొద్దెక్కి ఎండ వాలుకు తగిలాక, గంటా రెండు గంటలకు, వేడెక్కిన గాలి పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. సాయంత్రం వాలు మీద నీడ పడగానే మళ్ళీ కిందికి. ఈ మారే అరగంట, ముప్పావుగంట చాలా చెడ్డది. గాలి ఎటూ కాకుండా సుడి తిరుగుతుంది, మన వాసన నాలుగు దిక్కులా పోతుంది. ఆ సమయంలో ఏ బట్టలు వేసుకున్నా ఒకటే.

గాలి చూడ్డానికి పౌడర్ వాడొద్దు, దానికే సెంటు. జిల్లేడు కాయ పగిలితే వచ్చే దూది ఏరి చిన్న డబ్బాలో పెట్టుకోండి. ఒక్క పోగు, గింజ తీసేసి, కళ్ళెత్తున వదిలి కంటికి కనపడేదాకా చూడాలి. మొదటి ఐదు మీటర్లు ఒక దిక్కుకు పోయి, బండ దగ్గర లేచి, వెనక్కి తిరిగి మీ తల మీదుగానే వచ్చిందంటే, ఆ చోటు సుడి చోటు. లేచి మారిపోవాల్సిందే. బూడిద చేతి దగ్గర దిక్కే చెప్తుంది, ఈ దూది దారంతా చూపిస్తుంది. కూర్చునే ముందు మూడుసార్లు, తర్వాత ఇరవై నిమిషాలకోసారి వదలండి.

కణితి గురించి ఇంకో మాట. అది నీళ్ళకు నేరుగా రాదు. గాలి వీచి పోయే వైపుకు చుట్టు తిరిగి, వాసన చూసుకుని అప్పుడు దిగుతుంది. అందుకే మీ వెనక, అంటే మీ వాసన పోయే దిక్కున, అది రాలేని అడ్డం ఏదన్నా ఉండాలి. నిట్టనిలువు బండ, లోతు వంక, కంప పొద, ఏదైనా సరే.

కోన_కెమెరా:

చాలా థాంక్స్ అన్నా. నేను కూర్చునే గుంట వివరం చెప్తా. అది సాసర్ పిట్, అంటే జంతువుల కోసం పళ్ళెంలా కట్టిన లోతు తక్కువ నీళ్ళ గుంట. వాగు పడమట నుంచి తూర్పుకు దిగుతుంది. ఉత్తరాన పెద్ద వాలు, ఎక్కువ అడుగుజాడలు ఆ వాలు మీంచే దిగుతాయి. దక్షిణాన తాటి చెట్టంత బండ. ఇప్పుడు మాటు పడమట, వాగు ఎగువన ఉంది. సమయం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా.

శేషాచలం_నడక:

తప్పు అక్కడే ఉంది తమ్ముడూ. సాయంత్రం గాలి ఎగువ నుంచి దిగువకు జారుతుంది. మీరు ఎగువన కూర్చుంటే మీ వాసన సరాసరి గుంట మీదికి దిగి, ఆ పల్లంలో నీళ్ళు నిలిచినట్టు నిలబడుతుంది. చుట్టూ ఉత్త గాలి ఆడుతున్నా గుంట దగ్గర మాత్రం మనిషి వాసన పోదు. దుప్పులు గుంపు ధైర్యంతో తాగి పోతాయి, కణితి ఒంటరిది, ఆగిపోతుంది.

మాటును ఆగ్నేయానికి, గుంటకు ముప్పై, ముప్పై ఐదు మీటర్ల దూరానికి మార్చండి. వెనక ఆ బండ వచ్చేటట్టు చూసుకోండి. వాసన దిగువకు పోతుంది, ఉత్తర వాలు మీంచి వచ్చేదానికి అందదు. అది తూర్పుగా చుట్టు తిరగాలని చూస్తే మాత్రం దొరికిపోతారు, దానికి మందు లేదు. బండకు మరీ ఆనుకోవద్దు. రోజంతా కాగిన బండ సాయంత్రం కూడా వేడి కక్కుతుంది, దాని పక్కన గాలి పైకి లేస్తా ఉంటుంది. ఐదారు మీటర్లు వదలండి. నడిచి వెళ్ళే దారి కూడా దిగువ నుంచే ఉండాలి, గుంట దాటి, అడుగుజాడలు తొక్కుకుంటా పోవద్దు. మూడున్నరకే కూర్చుంటే, గాలి మారే గందరగోళం ముగిసేలోపు అడవి సర్దుకుంటుంది.

ఈ మార్పు కూడా రేంజ్ ఆఫీసులో చెప్పి, వాళ్ళ మనిషిని వెంటబెట్టుకునే చేయండి.

కౌండిన్య_కాపు (పలమనేరు):

అందరూ వాసన ఎట్ల దాచాలా అని మాట్లాడుతున్నారు. దాచొచ్చా లేదా అనేది ముందు తేల్చుకోండి.

అమెరికా వేటగాడు చెట్టు మీద కూర్చుంటాడు, చాలా చోట్ల వాడి కింద తిరిగేది జింకే. మన అడవిలో ఏనుగుంది, ఎలుగుబంటి ఉంది. ఎలుగుకు చూపు తక్కువ, ముక్కే దానికి దారి. దూరం నుంచే మనిషి వాసన తగిలితే చాలాసార్లు అదే తప్పుకుంటుంది. తెలియకుండా పది అడుగుల్లో ఎదురుపడితే మీద పడుతుంది. ఏనుగుకూ అంతే. కౌండిన్య అభయారణ్యంలోనే కాదు, చంద్రగిరి మండలం పొలాల దాకా ఏనుగులు వస్తున్న రోజులివి. మన వాసన వాటికి ముందుగా అందడమే మనకు కాపుదల. నేల మీద మాటులో కూర్చునేవాళ్ళు అసలు వాసనే లేకుండా పోవాలని కోరుకోకూడదు. దుప్పి ఫొటో ఇంకో రోజు దొరుకుతుంది.

కాబట్టి పద్ధతి ఇది. నడిచేటప్పుడు వాసన, చప్పుడు రెండూ దాచొద్దు. మామూలుగా మాట్లాడుకుంటా పోండి. మాటులో కూర్చున్నాకే నిశ్శబ్దం. ఏనుగు తాజా లద్దె గానీ, తడి అడుగు గానీ కనిపిస్తే ఆ రోజుకు వెనక్కి తిరగండి.

కొత్తగా చదివేవాళ్ళకు కూడా ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం వేట నేరం. అభయారణ్యంలో ఫొటోలకు 28వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. అసలే ఎర్రచందనం దొంగల కోసం గాలింపు జరిగే కొండలివి. రంగురంగుల అడవి బట్టలు, ముఖానికి ముసుగు, చేతిలో సంచీ, కాగితం లేదు అంటే మిమ్మల్ని ఎవరనుకుంటారో ఆలోచించండి. అనుమతి కాగితం నకలు ఒకటి జేబులో, ఒకటి బండిలో ఉంచండి.

చిత్తూరు_లెన్సు:

చవక దారి అడిగారు కదా, దానికి జవాబు. మనిషి వాసన పోదు, కానీ దాని మీద మనం పూసుకునే వాసనలు పోగొట్టొచ్చు. ఎలుగు సంగతి చెప్పిన అన్న మాటకు ఇది అడ్డం కాదు. మామూలు మనిషి వాసన ఉండనే ఉంటుంది, అగరొత్తి, సెంటు, పెట్రోలు మాత్రం తగ్గుతాయి.

బట్ట: పాలిస్టర్ వద్దు, చెమట నూనెను పట్టుకుని ఎన్ని ఉతుకులకూ వదలదు. వదులు నూలు చొక్కా, మట్టి రంగుది.

ఉతుకు: పదిహేను కుంకుడుకాయలు పగలగొట్టి, గింజలు తీసి, రెండు లీటర్ల వేడి నీళ్ళలో గంట నానబెట్టి పిసికి వడగట్టండి. రెండు జతలకు సరిపోతుంది. ఆఖరున పది లీటర్ల బకెట్లో రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి ఇరవై నిమిషాలు ఉంచి జాడించాలి. చెమట కంపులో ఎక్కువ భాగం ఆమ్లాలు, సోడా వాటిని విరిచేస్తుంది. సోడాతో పాటు వెనిగర్ కలిపితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి, కలపొద్దు.

మామూలు డిటర్జెంట్ పౌడర్ ఎందుకు వద్దంటే సెంటు ఒక్కటే కారణం కాదు. బట్ట తెల్లగా మెరవడానికి వాటిలో వేసే మందు అతినీలలోహిత కాంతిని నీలంగా తిప్పికొడుతుంది. జింక జాతి కన్ను ఎరుపును సరిగా పట్టదు, నీలాన్ని మాత్రం బాగా పడుతుంది. మసక వెలుతురులో మీ చొక్కా దానికి వెలిగినట్టుంటుంది. నోట్లు పరీక్ష చేసే యూవీ టార్చ్ చీకటి గదిలో చొక్కా మీద వేసి చూడండి. నీలి తెలుపుగా మెరిస్తే ఆ చొక్కా పక్కన పెట్టేయండి, ఎన్ని నీళ్ళకూ పూర్తిగా పోదు.

ఒళ్ళు: తలనూనె, డియోడరెంట్, విభూతి, మల్లెపూల దగ్గర కూర్చోవడం అన్నీ ముందు రోజు నుంచే ఆపాలి. చంకలకు మంగలి షాపులో వాడే పటిక తడిపి రుద్దుకోండి, వాసన లేదు, బాక్టీరియా పెరగదు. దోమల మందు మానలేకపోతే ముఖానికి కాకుండా ప్యాంటు కింది అంచులకు రాయండి.

కాళ్ళు: తోలు బూట్లు వాసన పీలుస్తాయి, గమ్ బూట్లు మేలు. పెట్రోలు బంకులో మాత్రం వేరే చెప్పులతో దిగండి. బంకు నేల మీది నూనె అడుగుకు అంటుకుంటే మీరు నడిచిన దారంతా గీత గీసినట్టే.

ఓజోన్ యంత్రాలు కూడా అమ్ముతున్నారు. వాసనను కొంత విరిచే మాట నిజమే, కానీ మూసిన గదిలో అది ఊపిరితిత్తులకు చెడ్డది, కెమెరా రబ్బరు బిరుసెక్కి పగుళ్ళిస్తుంది. జోలికి పోవద్దు.

కోన_కెమెరా:

మాటు ఆగ్నేయానికి మార్చే సంగతి రేపే రేంజ్ ఆఫీసులో అడుగుతా. బొగ్గు బట్టల ఆలోచన మానేశా. చివరిగా ఒకటి. నా అడవి జాకెట్, మాటు గుడ్డ ఏడాదంతా బీరువాలో కలరా ఉండలతో పెట్టి ఉంటాయి. వాటిని ఉతికితే సరిపోతుందా?

రసాయన_మాస్టారు:

ఉతికితే పోదు. కలరా ఉండ నాఫ్తలీన్, నీళ్ళలో దాదాపు కరగదు. కానీ గాలికి దానంతటదే ఆవిరైపోతుంది. మిద్దె మీద తీగకు విడివిడిగా ఆరేసి, ఐదారు రోజులు ఎండా గాలీ తగలనివ్వండి. జేబులు బయటికి తీసి, మడతలు విప్పి. ఆ తర్వాత కుంకుడు నీళ్ళు. మళ్ళీ ఆ బీరువాలో పెట్టొద్దు, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొని, కడిగి, వారం ఎండబెట్టి దాంట్లో పెట్టుకోండి. మాటు గుడ్డను ముందు చూసుకోండి. మీటర్ల కొద్దీ గుడ్డ నాఫ్తలీన్ వాసనతో గుంట పక్కన వేలాడుతుంటే, మీ చొక్కా కంటే ముందు కణితి పట్టేది దాన్నే.