పడవ వెనక్కి జరిగినప్పటి ద్రవ్యవేగం ఎక్కడికి పోయింది?

ప్రశ్న:
నిన్న హుస్సేన్‌సాగర్‌లో మా అబ్బాయి చిన్న పడవలోంచి గట్టు మీదికి దూకగానే, నేను కూర్చుని ఉన్న పడవ వెనక్కి జరిగి, కట్టిన తాడు బిగుసుకున్నాక ఆగింది. చర్య, ప్రతిచర్య సమానమైనప్పుడు ఒకదానినొకటి రద్దు చేసుకోవాలి కదా, మరి ఇద్దరమూ ఎలా కదిలాము?

జవాబు 1:
ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేస్తే రద్దయ్యేవి. ఇక్కడ ఒకటి అబ్బాయి మీద, రెండవది పడవ మీద పనిచేశాయి. అబ్బాయి బరువు 40 కిలోలు, మీతో కలిపి పడవ 160 కిలోలు అనుకుందాం. అతడు సెకనుకు 2 మీటర్ల వేగంతో దూకితే, నీటి నిరోధాన్ని పక్కన పెడితే, పడవ 0.5 మీటర్ల వేగంతో వెనక్కి పోతుంది. ఇరువైపులా ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) 80, దిశలు వ్యతిరేకం కనుక మొత్తం సున్నా.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. కానీ తాడు పడవను ఆపేశాక ఆ 80 ఏమైంది?

జవాబు 2:
తాడు ద్వారా గట్టుకు, అంటే భూమికి చేరింది. అబ్బాయి కాళ్లు ఆని ఆగినప్పుడు అతడి 80 కూడా భూమికే, ఎదురు దిశలో, చేరింది కాబట్టి లెక్క సరిపోయింది. గతిజశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) మాత్రం ఇలా సమంగా పంచుకోబడదు: అబ్బాయికి 80 జౌళ్లు, పడవకు 20 జౌళ్లే. ఆ 100 జౌళ్లూ అతడి కాలి కండరాలు ఇచ్చినవే. న్యూటన్ 1687లో తన రెండవ గమన నియమాన్ని ద్రవ్యవేగంలో మార్పుగానే చెప్పాడు. పాఠ్యపుస్తకాలు త్వరణంతో (వేగం మారే రేటుతో) మొదలుపెట్టడం వల్లనే ఈ తికమక అని నా అభిప్రాయం.