5 మ్యాచుల్లో 4 పాయింట్లు: ఇప్పుడే గోల చేయాలా?

ప్రశ్న: ఫుట్‌బాల్ లీగ్‌లో మా జట్టుకి 1 గెలుపు, 1 డ్రా, 3 ఓటములు. అప్పుడే కోచ్‌ని పీకేయమంటున్నారు. ఎన్ని మ్యాచులయ్యాక పాయింట్ల పట్టికని నమ్మొచ్చండీ?

జవాబు 1: కనీసం 10 ఆగండి. ముందు ఆడింది ఎవరితోనో చూడండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌నే తీసుకోండి: 2021-22లో ఆర్సెనల్ మొదటి 3 మ్యాచులూ ఒక్క గోల్ లేకుండా ఓడింది, అందులో రెండు చెల్సీ, మాంచెస్టర్ సిటీ చేతిలో. చివరికి 5వ స్థానం. 2008-09లో హల్ సిటీది తలకిందుల కథ: మొదటి 9 మ్యాచుల్లో 20 పాయింట్లు, సీజన్ మొత్తానికి 35! 17వ స్థానంలో, కింది లీగ్‌కి పడిపోకుండా బతికి బయటపడింది.

జవాబు 2: పట్టిక కంటే ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్) నయం. గోల్ కొట్టే అవకాశం ఎంత మంచిదో చెప్పే అంకె అది. పెనాల్టీకి దాదాపు 0.78, అంటే వందకి 78 సార్లు గోల్. మ్యాచ్ మొత్తానికి ఎక్స్‌జీ 1.6 వస్తూ గోల్స్ పడకపోతే ఓపిక పట్టొచ్చు. ఎదుటి జట్టుకి 2 ఎక్స్‌జీ ఇస్తుంటే మాత్రం గోల్‌కీపర్ ఎన్నాళ్లు కాస్తాడు? ఇంకోటి, కొత్త సెంటర్‌బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) వస్తే డిఫెన్స్ లైన్ గమనించండి. ఒకడు ముందుకి అడుగేసి, పక్కవాడు రెండు గజాలు వెనకే నిలబడితే ఆఫ్‌సైడ్ ట్రాప్ (అందరూ ఒకేసారి ముందుకి జరిగి ఎదుటి ఆటగాణ్ణి ఆఫ్‌సైడ్‌లో పడేసే ఎత్తు) పోయినట్టే. ఇది కలిసి ఆడితేనే కుదురుకుంటుంది, తిడితే కాదు.

జవాబు 3: ఓపిక సరే, కానీ ఎప్పుడూ అదే మందు కాదు. 2017-18లో క్రిస్టల్ ప్యాలెస్ 4 లీగ్ మ్యాచులకే కోచ్ ఫ్రాంక్ డి బోర్‌ని సాగనంపింది. అందరూ తొందరపాటన్నారు. మొదటి 7 మ్యాచులూ ఓడిన ఆ జట్టే కొత్త కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ చేతిలో 11వ స్థానంలో తేలింది.