‘ట్విలైట్ ఆఫ్ ది థండర్ గాడ్’: ఈ ట్విలైట్‌ని తెలుగులో ఏమనాలి?

మంద్రతీగ:
అమోన్ అమార్థ్ 2008 ఆల్బమ్ ‘ట్విలైట్ ఆఫ్ ది థండర్ గాడ్’కి తెలుగులో చిన్న పరిచయం తయారవుతోంది. వివరాలతో పేచీ లేదు. స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌కి దక్షిణాన ఉన్న తుంబా ఊరి డెత్ మెటల్ బృందం, వాళ్ల ఏడో స్టూడియో ఆల్బమ్, పది పాటలు. ఓరెబ్రూలోని ఫాసినేషన్ స్ట్రీట్ స్టూడియోలో యెన్స్ బూగ్రెన్ చేతి మీదుగా తయారైంది, మెటల్ బ్లేడ్ సంస్థ విడుదల చేసింది. పేచీ అంతా పేరు దగ్గరే. ముసాయిదాలో “పిడుగుల దేవుడి సంధ్యాకాలం” అని ఉంది. చదివితే భక్తిగీతాల క్యాసెట్టు పేరులా వినిపిస్తోంది. ఇంతకన్నా మంచి మాట ఏముంది?

పదకోశం:
రెండు మాటలూ మార్చాల్సినవే. ముందు తేలికైనది చూద్దాం. మనకు ఉరుము వేరు, మెరుపు వేరు, పిడుగు వేరు. ఆల్బమ్ పేరులోని థండర్ గాడ్ నార్స్ పురాణాల థోర్. ఆ పేరు పుట్టింది ఉరుము నుంచి. ప్రాచీన జర్మానిక్‌లో థున్రజ్, ఇంగ్లీషులో థండర్, రెండూ అదే మాట. సంస్కృతంలో దీని చుట్టాలు ఋగ్వేదంలోని తన్యతు, మన నిఘంటువుల్లోకీ దిగిన స్తనితం, స్తనయిత్నువు. పిడుగు పని చేసేది అతని చేతిలోని సుత్తి. అది పేరులో లేదు. కాబట్టి ఉరుముల దేవుడు, లేదా ఉరుముల వేల్పు. నా ఓటు వేల్పుకే. ‘దేవుడు’ అనగానే మనవాళ్లకి ఒక్కడే గుర్తొస్తాడు, ఇక్కడ చావబోయేది చాలామందిలో ఒకడు.

ఉప్సలా చెట్టుకింద:
అవునండి. ఇంకో ముచ్చట: నేటి స్వీడిష్‌లో ఉరుముకి మామూలు మాట ‘ఓస్కా’. పాత రూపం ‘ఓసెకియా’, అంటే దేవుడు బండి తోలుకుపోవడం. మేకలు లాగే థోర్ బండి చప్పుడన్నమాట. అలా పేరు పోయి బండి మిగిలింది. పేరు నిలిచిన మాటా ఒకటుంది, ‘తూర్‌దోన్’, థోర్ చేసే రొద అని. అది ఇప్పుడు పుస్తకాల భాష.

అసలు చిక్కు ట్విలైట్ దగ్గర. అది రగ్నరొక్, అంటే నార్స్ పురాణాల్లో దేవతలు చచ్చే చివరి యుద్ధం, అనే మాటకి వచ్చిన అనువాదాల్లో ఒకటి మాత్రమే, మాటకి నేరుగా అర్థం కాదు. ‘రగ్న’ అంటే దేవతల, పాలించే శక్తుల, షష్ఠీ బహువచనం. రెండో సగం దగ్గర రెండు పాఠాలున్నాయి.

ఒకటి ‘రొక్’. పాత నార్స్ పురాణ పద్యాల సంపుటి ఎడ్డాలోని వొలుస్పాలో ఇదే ఉంది: విధి, గతి, జరగవలసినది. రెండోది ‘రొక్కర్’, అంటే మసక చీకటి. ఇది అదే సంపుటిలోని లోకసెన్న 39వ పద్యంలో కనిపిస్తుంది, కట్టేసిన తోడేలు దాని కోసమే కాచుకుని ఉంటుంది. 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ రచయిత స్నొర్రి తన వచన ఎడ్డాలో వాడిందీ రొక్కరే. జర్మన్ స్వరకర్త వాగ్నర్ తన ఒపెరా పేరుకి దాన్నే జర్మన్‌లోకి తెచ్చుకున్నాడు, 1876లో బైరాయిత్‌లో ఆ ఒపెరా ప్రదర్శన జరిగాక ‘దేవతల ట్విలైట్’ యూరప్ అంతటా స్థిరపడింది. ఆల్బమ్ పేరు వచ్చింది ఈ దారినే.

గందరగోళం ఎందుకొచ్చిందంటే, మొదట ఈ రెండు మాటల్లో అచ్చులు వేరు. ‘విధి’లో ఉన్నది ఆ-కీ ఒ-కీ నడిమి అచ్చు. ‘చీకటి’లో ఉన్నది ఎ పలుకుతూ పెదవులు గుండ్రంగా చుడితే వచ్చేది. ఐస్‌లాండ్‌లో 1200 ప్రాంతంలో ఆ రెండూ కలిసిపోయాయి. ఇక మిగిలిన తేడా ఒక ద్విత్వం, చివర ఒక రేఫ.

పదకోశం:
ఆ రొక్కర్ చుట్టాలు కూడా చెప్పేస్తాను: గోతిక్ రిక్విస్, గ్రీకు ఎరెబోస్, సంస్కృతం రజస్సు. రజస్సు మనకి దుమ్ముగా, గుణంగా మిగిలింది గానీ వేదంలో ఆకాశం నడిమి మసక తావు అనే అర్థం కూడా ఉంది.

మంద్రతీగ:
అయితే ఒక సంగతి. అమోన్ అమార్థ్ అనేది ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ కల్పించిన సిందరిన్ భాషలో, ఆ కథలోని మౌంట్ డూమ్ అనే కొండకి పేరు. ‘అమోన్’ కొండ, ‘అమార్థ్’ విధి. అంటే బృందం పేరులో విధి, ఆల్బమ్ పేరులో చీకటి. మీరు చెప్పిన రెండు పాఠాలూ ఒకే అట్ట మీద ఉన్నాయి!

ఉప్సలా చెట్టుకింద:
భలే పట్టారు. టైటిల్ పాట పల్లవి కూడా విధివైపే మొగ్గుతుంది. అందులో థోర్‌ని ఓదిన్ కొడుకు, హ్లోదిన్ కొడుకు, మనుషుల కాపరి అని పిలిచి, నీ విధిని ఎదుర్కో, రగ్నరొక్ కాచుకుని ఉంది అంటారు. ట్విలైట్ ఆ పల్లవిలో ఎక్కడా లేదు. హ్లోదిన్ అనే అరుదైన పేరు వొలుస్పాలో, మహాసర్పంతో పోరాడి థోర్ చచ్చే సంగతి చెప్పే పద్యంలోనిది. మనుషుల కాపరికి మూలమైన ‘మిద్గర్ద్స్ వేఉర్’ కూడా అందులోదే. పాట రాసిన గాయకుడు యోహాన్ హెగ్ ఎడ్డాని దగ్గరగా చదివాడని తెలుస్తుంది. ఆ పద్యం చివరి నాలుగు పాదాలు:

గెంగ్‌ర్ ఫెత్ నీఉ
ఫ్యొర్గున్యర్ బుర్
నెప్ర్ ఫ్రా నద్రి
నీద్స్ ఓక్వీద్నుమ్

గెంగ్‌ర్: నడుస్తాడు. ఫెత్ నీఉ: తొమ్మిది అడుగులు. ఈ ‘నీఉ’ మన ‘నీవు’ కాదు, నవకి చుట్టం. ‘ఫెత్’ పదానికి, అంటే అడుగుకి చుట్టం. ఫ్యొర్గున్యర్ బుర్: ఫ్యొర్గున్ కొడుకు. హ్లోదిన్, ఫ్యొర్గున్ రెండూ భూమికే పేర్లు. నెప్ర్ అర్థం తేలని మాట, ‘అతికష్టం మీద’ అని సర్దుకుంటారు. ఫ్రా నద్రి: పాము దగ్గరనుంచి.

నాలుగో పాదంలోనే చాలామంది జారతారు. ‘అపకీర్తికి వెరవని’ అని అర్థం. వెరవనిది ఎవరు? థోర్ అనుకుంటే బాగుంటుంది, చాలా అనువాదాలు అలాగే చేశాయి. కానీ ‘ఓక్వీద్నుమ్’ చతుర్థీ ఏకవచనం. అది అన్వయించేది చతుర్థిలోనే ఉన్న ‘నద్రి’కి. థోర్ ప్రథమా విభక్తిలో ఉన్నాడు. వ్యాకరణం ప్రకారం సిగ్గులేనిది పామే. థోర్‌కి అంటగట్టాలంటే రాతప్రతిని దిద్దాలి. ఈ పద్యం మీ పరిచయంలో వేసేటట్టయితే దయచేసి “సిగ్గెరుగని పాము నుంచి” అనే వేయండి.

మునిమాపు:
సరే, తెలుగు సంగతికి వద్దాం. సంధ్య పనికిరాదు, పొద్దున్నదో సాయంత్రానిదో తేలదు. మలిసంజ అంటే సాయంత్రానిదే. మునిమాపు, మునిచీకటి కూడా ఉన్నాయి. అసురసంధ్య మాత్రం ఊరిస్తుంది. ఆ వేళ నిద్రపోకూడదని ఇంటింటా అంటారు, కీడు వాసన మాటలోనే ఉంది. కానీ “ఉరుముల వేల్పు అసురసంధ్య” అంటే గెలుపు అసురులదన్నట్టు అవుతుంది. ఇక్కడ పామూ చస్తుంది, వేల్పూ చస్తాడు.

మా వైపు పొద్దుగూకడం అంటారు, “ఉరుముల వేల్పు పొద్దుగూకింది” అనొచ్చు. దమ్మున్న మాట.

మంద్రతీగ:
మునిమాపు గారూ, పొద్దుని మాత్రం ముట్టుకోకండి. ఏడో పాట పేరు ‘నో ఫియర్ ఫర్ ది సెట్టింగ్ సన్’. దానికి “వాలే పొద్దుకు వెరవం” అని పెట్టుకున్నాం. అట్ట మీద ఒక పొద్దు, లోపల ఇంకో పొద్దు ఉంటే మొదటిది టైటిల్ పాటదనుకోరు.

గరగర:
మలిసంజ మరీ మెత్తగా లేదా? మ, ల, స, జ. డెత్ మెటల్‌కి అతకదు.

మంద్రతీగ:
పాడేది ఇంగ్లీషులోనే కదండీ, అట్ట మీద చదవడానికి మెత్తదనం అడ్డం కాదు. తెలుగులో పాడాల్సివస్తే మీ మాట నిజమే, సమస్య కూడా ఈ ఒక్క మాటతో ఆగదు. గ్రౌల్‌లో, అంటే డెత్ మెటల్ బొంగురు అరుపులో, కంఠపు పైమడతలు కూడా కొట్టుకుంటాయి, స్థాయి దాదాపు తెలియదు, అచ్చులన్నీ ఒకే బొంగురులో కలిసిపోతాయి. మాటని మోసేవి హల్లులే. హెగ్ మాటలు తెలుస్తాయంటే కారణం ఆ హల్లుల్ని, ముఖ్యంగా మాట చివరివాటిని, కొట్టినట్టు పలకడం. ‘గాడ్’ చివరి డ్ డ్రమ్ము దెబ్బతో పాటు పడుతుంది. తెలుగు అజంతం, మాట అచ్చు మీద ముగుస్తుంది, దెబ్బ పడాల్సిన చోట తోక మిగులుతుంది. మాట చివరి అక్షరాన్ని దెబ్బ మీదికి తేకుండా, మధ్యలో ద్విత్వమో సంయుక్తమో ఉన్న మాట ఎంచి దాన్ని దెబ్బ మీద పెట్టాలి: ఉగ్ర, మృత్యువు, కత్తి, నెత్తురు. మ, ల, వ లతో నిండిన మాటలు ఎంత అరిచినా వినబడవు.

గరగర:
గిటార్ శ్రుతి దించితే ఇంకా ముద్దగా ఉంటుంది కదా.

మంద్రతీగ:
వీళ్లది బి శ్రుతి, మామూలు కన్నా అయిదు స్వరస్థానాలు కిందికి. మామూలు పది-నలభయ్యారు సెట్టు తీగలతో (అంగుళంలో వెయ్యోవంతుల్లో మందం) అంత దించితే ఆరో తీగ వేలాడి, గట్టిగా కొట్టినప్పుడల్లా శ్రుతి పైకి జారుతుంది. ముద్ద చాలావరకు అక్కడిదే. అరవైకి అటూ ఇటూ మందం ఉన్న తీగ వేసి, బ్రిడ్జి దగ్గర ఇంటొనేషన్, అంటే మెట్లన్నిటి మీదా శ్రుతి కుదరడం, మళ్లీ సరిచేసుకోవాలి. అయినా ఇది భాషా చర్చ, వేరే దారం తెరుద్దాం.

పదకోశం:
అవును. నా లెక్క: అట్ట మీద “ఉరుముల వేల్పు మలిసంజ”. మనం అనువదిస్తున్నది ఎడ్డాని కాదు, ఇంగ్లీషులో పెట్టిన పేరుని, అందులో ఉన్నది ట్విలైటే. విధి అర్థం రెండు వాక్యాల్లో కింద చెప్పండి. “అంత్యకాలం” లాంటివి వద్దు, అది ఏ పాఠానికీ అనువాదం కాదు.

ఉప్సలా చెట్టుకింద:
నేనైతే ‘విధి’నే అట్టకి ఎక్కిస్తాను, కానీ గొడవ పెట్టుకోను. అయిదో పాట పేరు మీ జాబితాలో “వర్యాగ్స్ ఆఫ్ మిక్లాగాడ్” అని ఉంది, అది సరిచేయండి. మిక్లగార్డ్. లా దీర్ఘం కాదు, గా తర్వాత రేఫ ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు అందులో రెండు ‘ఎ’లు (aa) ఉంటాయి, అలా పక్కపక్కన రాయడం డేనిష్‌లో 1948కి ముందున్న పద్ధతి, ఆ లెక్కన పలికితే ‘గోర్డ్’ అవుతుంది. నార్స్ మూలం గర్ద్‌ర్ కాబట్టి గార్డ్ నయం. మిక్ల అంటే పెద్ద, గర్ద్‌ర్ అంటే కోట, ఊరు, వెరసి కాన్‌స్టాంటినోపుల్, నేటి ఇస్తాంబుల్. వర్యాగ్ స్లావుల మాట, నార్స్‌లో వారింగ్యర్. కాబట్టి “మిక్లగార్డ్ వర్యాగులు” అని అలాగే ఉంచండి, వైకింగులని మార్చొద్దు. వాళ్లు అక్కడ బైజాంటిన్ చక్రవర్తి దగ్గర జీతానికి ఉన్న అంగరక్షకులు.